గుమాస్తా బల్ల: తప్పు లెక్క, తప్పుడు లెక్క

కిందటి సంచికలో ఇంటి పన్ను రశీదుల గురించి రాస్తానని మాట ఇచ్చాను. చదువరులు మన్నించాలి, ఆ మాట ఒక నెల వాయిదా వేస్తున్నాను. కొంతకాలం కిందట, వారం రోజుల తేడాలో, ఆదాయపు పన్ను వారి తాఖీదులు రెండు మా అరుగు ఎక్కాయి. రెండింటిలోనూ అడిగింది ఒక్కటే: మీ మీద జరిమానా ఎందుకు వేయకూడదో సంజాయిషీ ఇవ్వండి, అని. తెచ్చిన ఇద్దరూ నాకు కావలసినవాళ్లే. ఒకరికి జవాబు రాసిపెట్టాను. రెండోవారికి రాయనన్నాను.

ఆ రెండు వ్యవహారాలూ ఇప్పటికి తేలిపోయాయి. తేలకముందు రాస్తే ఒకరికి చెరుపు, ఇంకొకరికి నామోషీ. ఇప్పుడు ఇద్దరూ "పేర్లు లేకుండా రాసుకో" అన్నారు. పద్మపూర్‌లోనూ గుణుపురంలోనూ రాయగడలోనూ పెన్షనుదారో ఉద్యోగస్థుడో లేని తెలుగు ఇల్లు అరుదు గనుక పదిమందికీ పనికివస్తుందని రాస్తున్నాను. నేను వకీలునూ కాను, ఆడిటరునూ కాను. మెట్రిక్ చదివి కచేరీలో కాగితాలు రాసుకొనే గుమాస్తాను. కాగితం రాసినవాడి అనుభవంగానే దీన్ని చదవండి.

మొదట వచ్చినవారు మాస్టారు. నాకు ఎక్కాలు నేర్పినవారు, మా పిల్లలకు లెక్కలు చెప్పినవారు. హెడ్‌మాస్టరుగా పదవీ విరమణ చేశారు. జాతాపులు; అంటే ఒడిశాలోనూ ఆంధ్రలోనూ షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నవారు. ఇంట్లో మాట్లాడేది మన తెలుగే.

అసలు కథ తాఖీదుతో మొదలవలేదు. అంతకు చాలా ముందు ఒక సాయంకాలం టీ తాగుతూ మాస్టారు అడిగారు: "ఒరే, మన షెడ్యూల్డు ఏరియాలో గిరిజనులకి ఇన్కంటాక్సు లేదంటున్నారు. నిజమేనా?" నేను ఊరుకొంటే పోయేది. గుమాస్తా బుద్ధి ఊరుకోనివ్వలేదు. చట్టం పుస్తకం తీసి, 10వ సెక్షను 26వ క్లాజు చదివి వినిపించాను. షెడ్యూల్డు తెగకు చెందినవాడు, రాజ్యాంగపు షెడ్యూలులో చెప్పిన ప్రాంతంలో కాపురముంటే, ఆ ప్రాంతంలో వచ్చే ఆదాయానికి పన్ను లేదని దాని సారాంశం. "మీరు తెగకు చెందినవారే. మనది షెడ్యూల్డు ఏరియానే. వర్తిస్తుంది కాబోలు" అన్నాను.

ఆ "కాబోలు" మా అరుగు మీదే పడిపోయింది. ఇంటికి చేరేటప్పటికి "వర్తిస్తుంది" అన్నది మాత్రమే మిగిలింది. అల్లుడు కంప్యూటరు తెలిసినవాడు. రిటర్నులో మామగారి పెన్షను, బకాయిలు, బ్యాంకు వడ్డీ అంతా చూపించాడు. చూపించి, మినహాయింపు గడిలో 10(26) అని వేసి, అంత సొమ్మూ తీసేశాడు. ట్రెజరీ వారు ముందే కోసిన పన్ను 72,800 రూపాయలు మాస్టారి ఖాతాకు తిరిగి వచ్చింది. ఆ డబ్బుతో ఆయన ఇంటికి కొత్త రేకులు వేయించారు.

ఇంతకీ పొరపాటు ఎక్కడ జరిగింది? నేను చదివింది సగం వాక్యం. ఆ క్లాజులో ఉన్నది ఆరవ షెడ్యూలు. మనది అయిదవ షెడ్యూలు. ఆరవ షెడ్యూలు అస్సాం, మేఘాలయ, త్రిపుర, మిజోరం రాష్ట్రాల గిరిజన ప్రాంతాలకు సంబంధించినది. పన్ను మినహాయింపు అందులోని కొన్ని ప్రాంతాలకూ, అరుణాచల ప్రదేశ్, మణిపూర్, మిజోరం, నాగాలాండ్, త్రిపుర రాష్ట్రాలకూ, లడఖ్‌కూ చెందుతుంది. 1977 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో కోరాపుట్ జిల్లా మొత్తం షెడ్యూల్డు ప్రాంతమే. రాయగడ 1992 అక్టోబరు 2న వేరు జిల్లా అయినా ఆ హోదా మారలేదు. అయితే అది అయిదవ షెడ్యూలు కింద వచ్చిన హోదా. దానివల్ల భూముల బదిలీ మీద, గ్రామసభల మీద ప్రత్యేక నిబంధనలు వస్తాయి గాని ఈ పన్ను మినహాయింపు రాదు. అయిదుకూ ఆరుకూ మధ్య ఒక్క అంకె తేడా. ఆ ఒక్క అంకె ఖరీదు 72,800.

ఇటువంటి వాదన మన ఊళ్లలో ఎందుకు పుడుతుందో పన్ను అధికారికి తెలియకపోవచ్చు గాని మనకు తెలుసు. మన తాతల నాడు ఇది విశాఖపట్నం జిల్లాలో ఏజన్సీ. 1839 నాటి గంజాం, విశాఖపట్నం చట్టం ఈ కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల పాలన నుంచి తప్పించి, కలెక్టరును ఏజెంటుగా చేసి, ఆయన చేతిలో పెట్టింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు కోరాపుట్ అటు వెళ్లింది. 1935 చట్టం కింద పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలలో ఇది కూడా ఒకటి. "మైదానపు చట్టం ఏజన్సీకి ఎక్కదు" అనే మాట ఆ కాలంలో పుట్టి, చట్టాలు మారినా నోళ్లలో అలాగే నిలిచింది. మాస్టారు నమ్మింది ఆ మాటనే. నేను పుస్తకం తెరిచి దానికి ముద్ర వేశాను.

తరువాత ఏమైందంటే, శాఖవారు ప్రశ్నించి, మినహాయింపు కొట్టేసి, పన్ను తేల్చారు. ఆ ఉత్తర్వు కాగితం మీద రాలేదు. అల్లుడి పాత ఈమెయిలుకు వచ్చింది. అతను ఉద్యోగం మారి ఆ మెయిలు చూడడం మానేశాడు. 1961 చట్టంలో 270ఏఏ అనే సెక్షను ఉంది. కావాలని చేసిన తప్పుడు నివేదన అనే ఆరోపణ లేనప్పుడు, తేల్చిన పన్నూ వడ్డీ గడువులోగా కట్టి, అప్పీలుకు పోకుండా, ఉత్తర్వు అందిన నెల ముగిసిన దగ్గరనుంచి ఒక నెలలోగా ఫారం 68 పెట్టుకొంటే జరిమానా నుంచి విముక్తి అడగవచ్చు. మాస్టారు తాఖీదు చూసేటప్పటికి ఆ నెల దాటిపోయింది. సుఖమైన దారి అలా మూసుకుపోయింది.

మిగిలింది సంజాయిషీ. తాఖీదులో లెక్క భయంకరంగా ఉంది. ఆదాయం తక్కువ చూపితే జరిమానా తప్పిన పన్నులో నూటికి 50, అంటే 36,400. తప్పుడు నివేదన అని తేలితే నూటికి 200, అంటే 1,45,600. పన్ను, వడ్డీ వేరే. మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకొని, "రేకులు విప్పి అమ్మినా రాదురా" అన్నారు. నవ్వబోయారు గాని నవ్వు రాలేదు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి కూర్చుని జవాబు రాశాను. ఏమేమి రాశానో వరుసగా చెబుతాను.

మొదట, మినహాయింపు మాకు చెందదని ఒప్పుకొన్నాం. పన్నూ వడ్డీ కట్టేశామని చలాను జతపరిచాం. ఓడిన వాదనను మళ్లీ వాదించకూడదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. జరిమానా సంజాయిషీలో పన్ను వివాదాన్ని మొదటినుంచి తిరగదోడతారు. చదివే అధికారికి అది మొండితనంగా కనిపిస్తుంది.

రెండు, పెన్షను, బకాయి, వడ్డీ పైసలతో సహా రిటర్నులోనే ఉన్నాయని చూపించాం. ట్రెజరీ వారి ఫారం 16, బ్యాంకు వారి కాగితం పక్కన పెట్టాం. దాచినది ఏదీ లేదు.

మూడు, ఎందుకలా నమ్మామో రాశాం. కుల ధ్రువపత్రం, నివాస పత్రం, జిల్లాను షెడ్యూల్డు ప్రాంతంగా ప్రకటించిన ఉత్తర్వు జతపరిచాం. దానితోపాటు నా వాంగ్మూలం ఒకటి పెట్టాను. ఫలానా ఉద్యోగిని, ఈ క్లాజు చదివి వినిపించి, వర్తించవచ్చునని చెప్పింది నేనే, అని రాసి సంతకం చేశాను. మా ఇంట్లో వద్దన్నారు. "ఉద్యోగం చేసుకొనేవాడివి, పన్ను వాళ్ల కాగితంలో నీ పేరెందుకు?" అన్నారు. మాట నాది, సంతకం ఆయనది. ఆయన సంతకం పక్కన నాది లేకపోతే ఆ జవాబు సగం అబద్ధమే అవుతుంది.

నాలుగు, చట్టం మాట రాశాం. 270ఏ సెక్షను ఆరవ ఉపవిభాగం ప్రకారం, పన్ను చెల్లించేవాడు ఇచ్చిన వివరణ సద్భావంతో కూడినదని అధికారి తృప్తి చెంది, అవసరమైన నిజాలన్నీ వెల్లడించి ఉంటే, ఆ మొత్తాన్ని తక్కువ చూపిన ఆదాయంగా లెక్కించకూడదు. అయిదు, జరిమానా ఏ ఆరోపణ మీద వేయదలచారో తాఖీదులో స్పష్టంగా లేదని, చెప్పమని, మాట వినే అవకాశం ఇమ్మని అడిగాం. వినకుండా జరిమానా వేయకూడదని ఆ చట్టంలోనే 274వ సెక్షను చెబుతోంది. పాత 271వ సెక్షను కింద, ఏ ఆరోపణో తేల్చని తాఖీదు చెల్లదని 2017లో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు కూడా చెప్పింది.

వీటికి తోడు మన ఒడిశా నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక పాత తీర్పును ఉదహరించాం. రూర్కెలా ఉక్కు కర్మాగారం కట్టే రోజులలో హిందుస్థాన్ స్టీల్ కంపెనీ కాంట్రాక్టర్లకు కట్టడపు సామగ్రి ఇచ్చింది. అమ్మకపు పన్ను చట్టం కింద వ్యాపారిగా నమోదు చేసుకోలేదు. జరిమానా పడింది. 1969లో సుప్రీంకోర్టు ఆ జరిమానా తీసేసింది. చట్టం జరిమానా వేయనిస్తోంది గదా అని ప్రతి తప్పుకూ వేయరాదు. తెలిసి ధిక్కరించాడా, నిజాయితీ లేకుండా నడిచాడా, బాధ్యత తెలిసీ లక్ష్యపెట్టలేదా అని చూడాలి అని ఆ తీర్పు సారాంశం. అది అమ్మకపు పన్ను తగాదా. అయినా జరిమానా మాట వచ్చిన చోటల్లా, ఆదాయపు పన్నులోనూ, దాన్ని ఎత్తి చూపుతూనే ఉన్నారు. పాత చట్టపు మాటల మీద 2010లో రిలయన్స్ పెట్రోప్రొడక్ట్స్ వ్యాజ్యంలో, చట్టానికి నిలవని కోరిక కోరినంత మాత్రాన వివరాలు తప్పుగా ఇచ్చినట్టు కాదన్నది సుప్రీంకోర్టు. 2012లో ప్రైస్ వాటర్‌హౌస్ కూపర్స్ వ్యాజ్యం ఇంకా తమాషా అయినది. ఊరందరి లెక్కలూ చూసే ఆ సంస్థ తన సొంత రిటర్నులో పొరబడింది. గ్రాట్యుయిటీ కోసం పక్కన పెట్టిన సొమ్ము ఖర్చుగా చెల్లదని ఆడిట్ నివేదికలో ఉన్నా, రిటర్నులో తగ్గించుకొన్నది. మనుషులన్నాక పొరపాటు సహజమని కోర్టు జరిమానా కొట్టేసింది. అంతటివారే తప్పగా లేనిది, పద్మపూర్ మాస్టారూ ఆయన శిష్యుడూ తప్పడంలో వింత ఏముంది?

ఇలా జవాబు పంపి ఊపిరి పీల్చుకొన్న వారానికి మా అప్ప వచ్చింది, వెనకాల కొడుకును పెట్టుకొని. మేనల్లుడు విశాఖపట్నంలో ఒక కంపెనీలో పని చేస్తాడు. వాడి చేతిలోనూ తాఖీదు ఉంది.

"మాస్టారికి రాశావట గదా, వీడికీ అదే రాసిపెట్టు" అన్నది అప్ప.

కాగితం చూశాను. వాడి రిటర్నులో మూడు లక్షల రూపాయల మినహాయింపులు. ఒక రాజకీయ పార్టీకి లక్షన్నర చందా ఇచ్చాడట. కట్టని ఇంటద్దె కట్టాడట. ఇంట్లో ఎవరికీ లేని జబ్బుకు వైద్యం చేయించాడట.

"ఏరా, ఈ పార్టీ పేరైనా విన్నావా?" అన్నాను.

"లేదు మావయ్యా. ఒక ఏజెంటు వేశాడు. ఆఫీసులో అందరికీ వాడే వేశాడు. రిఫండులో నూటికి పది వాడికి."

62,400 తిరిగి వచ్చింది. ఏజెంటు 6,240 పట్టుకుపోయాడు. ఇప్పుడు పన్ను 62,400, దానికి రెండింతల జరిమానా 1,24,800, మొత్తం 1,87,200. వడ్డీ వేరే. ఏజెంటు ఫోను ఎత్తడం లేదు.

"నాకు తెలియక నమ్మాను, సద్భావం అని రాయి మావయ్యా. మాస్టారిదీ తప్పే గదా, వదిలేయమని రాశావు గదా" అన్నాడు.

"రాయను" అన్నాను.

అప్ప లేచి నిలబడింది. "ఊళ్లో వాళ్లకు రాస్తావు. నీ చేత్తో ఎత్తుకొని పెంచినవాడికి రాయవు" అన్నది. కొడుకు రెక్క పట్టుకొని వెళ్లిపోయింది. మళ్లీ చాలా నెలలు మా గడప తొక్కలేదు.

అప్ప అడిగిన దాంట్లో న్యాయం లేకపోలేదు. ఇద్దరిదీ తప్పే అయితే తేడా ఎక్కడ? నేనూ ఆ రాత్రంతా అదే ఆలోచించాను. తెల్లవారి జగమండ కొండ వైపు నడిచాను. అక్కడి నీలకంఠేశ్వరుడి దగ్గర ఏడవ శతాబ్దపు శాసనం ఉన్నదనీ, బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి ఆశ్రమం ఆ కొండేననీ మన పెద్దలు చెబుతారు. తర్కంలో మనందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటి ఉంది: కొండమీద పొగ ఉంది గనుక నిప్పు ఉంది, అని. దూరంనుంచి మంచును చూసి పొగ అనుకొనేవాడు ఉంటాడు. వాడి తర్కం ఓడిపోతుంది గాని వాడు చూసిందేదో అక్కడ ఉంది. దగ్గరకు వెళితే ఎవరికైనా కనిపిస్తుంది. ఏమీ కనిపించని కొండను చూపి "పొగ చూశాను" అనేవాడు ఇంకొకడు. మాస్టారు, నేను మంచును పొగ అనుకొన్నాం. మేనల్లుడు లేని పొగ ఉందని సంతకం పెట్టాడు. మన భాషలో ఈ తేడాకు ఒక్క అక్షరం చాలు: మాస్టారిది తప్పు లెక్క, వాడిది తప్పుడు లెక్క.

చట్టం చూసే తేడా కూడా ఇంచుమించు ఇదే. 270ఏ సెక్షను తొమ్మిదవ ఉపవిభాగంలో తప్పుడు నివేదన కింద వచ్చేవి ఏకరువు పెట్టారు. నిజాలను మరుగుపరచడం, వక్రంగా చెప్పడం, ఆధారం చూపలేని ఖర్చు కోరడం వాటిలో ఉన్నాయి. వాటికే రెండింతలు. వాటికి అప్పట్లో 270ఏఏ విముక్తి కూడా లేదు. పట్టుబడ్డాక "శాంతి కోసం ఒప్పుకొంటున్నాను" అంటే చాలదని 2013లో మాక్ డేటా వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తేల్చింది. ఏజెంటు మీద నెపం పెట్టినా రిటర్ను మీద ఉన్నది మన పేరే.

అయితే మాస్టారి పక్షాన ఉన్న తీర్పులు చదివి, నోటికి వచ్చిన వాదనల్లా వేసి చూద్దామనుకోవద్దు. ఏ ఆధారమూ లేని కోరికను, ఎవరూ అడగకపోతే గట్టెక్కుదామని వేసినవారికి ఈ రక్షణ లేదని 2010లోనే ఢిల్లీ హైకోర్టు హెచ్చరించింది. మన పిల్లలు చాలామంది అమెరికాలో ఉన్నారు గనుక అక్కడి సంగతీ చెబుతాను. ఆ దేశంలో "జీతం ఆదాయమే కాదు", "పన్ను స్వచ్ఛందం" అని సున్నాలు చుట్టి రిటర్ను వేసే ఒక వర్గం ఏనాటినుంచో ఉంది. 1913లో వారి రాజ్యాంగానికి వచ్చిన 16వ సవరణ పన్ను అధికారాన్ని స్పష్టం చేసినా, అది చెల్లదంటారు. ఇటువంటి పనికిమాలిన వాదనతో వేసిన ఒక్కొక్క రిటర్నుకు మొదట 500 డాలర్ల జరిమానా ఉండేది. 2006 నాటి చట్టంతో 5,000 డాలర్లు చేశారు. 1991లో ఒక విమాన చోదకుడి వ్యాజ్యంలో వారి సుప్రీంకోర్టు, చట్టాన్ని నిజంగా అపార్థం చేసుకొన్నవాడికి నేరబుద్ధి లేదనవచ్చు గాని, చట్టం తెలిసీ అది రాజ్యాంగానికి విరుద్ధమని తానే తీర్పు చెప్పుకొన్నవాడికి ఆ సాకు లేదన్నది. అతనికి మళ్లీ విచారణ జరిగింది. మళ్లీ శిక్ష పడింది. దేశం వేరైనా ధర్మం ఒకటే.

మేనల్లుడి కథ అక్కడితో ఆగలేదు. పది రోజుల తరువాత వాడు ఒంటరిగా, తల్లికి చెప్పకుండా వచ్చాడు. "ఏం రాయాలో నువ్వే చెప్పు. నిజమే రాస్తాను" అన్నాడు. అప్పుడు కలిసి కూర్చున్నాం. చందా ఇవ్వలేదు, అద్దె కట్టలేదు, వైద్యం చేయించలేదు, ఫలానా విధంగా ఏజెంటుకు డబ్బు ఇచ్చాను, పన్ను కట్టాను, అని రాశాడు. జరిమానా తగ్గలేదు. 1,24,800 పడింది. అప్ప రెండు పేటల గొలుసు అమ్మింది. నిజం చెప్పినవాడికి వెంటనే బహుమానం దొరుకుతుందని నేను ఎవరితోనూ అనను. అయితే అదే ఏజెంటు అదే రకంగా వేసిన సంవత్సరాలు ఇంకా రెండు ఉన్నాయి. వాటికి తాఖీదులు రాలేదు. వాటికి అప్‌డేటెడ్ రిటర్నులు వేయించాను. 2022లో వచ్చిన ఈ సదుపాయానికి మొదట రెండేళ్ల గడువు ఉండేది. 2025లో నాలుగేళ్లకు పెంచారు. ఆలస్యాన్ని బట్టి పన్నూ వడ్డీ మీద నూటికి 25 నుంచి 70 దాకా అదనం కట్టాలి. రెండింతల జరిమానాతో పోలిస్తే అది ఎంత?

ఇది మావాడి ఒక్కడి జబ్బు కాదని తరువాత పత్రికలలో చూశాను. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశంలో 150 చోట్ల ఇటువంటి దొంగ మినహాయింపుల మీద తనిఖీలు మొదలుపెట్టింది. అంతకు ముందు నాలుగు నెలలలో సుమారు 40,000 మంది 1,045 కోట్ల రూపాయల తప్పుడు మినహాయింపులను తామే వెనక్కు తీసుకొన్నారని ప్రకటించింది.

ఇక తాఖీదు వచ్చినప్పుడు చేయవలసినవి నాలుగు మాటల్లో చెబుతాను. మొదట అది అసలుదేనా చూడండి. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ ఇచ్చే ఉత్తర్వులకు 'డిన్' అనే గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను శాఖవారి పోర్టలులో వేసి సరిచూసుకోవచ్చు. ఫోను చేసి భయపెట్టి డబ్బు అడిగేవాళ్లను నమ్మవద్దు. పోర్టలులో ఉన్న ఈమెయిలు, ఫోను నంబరు మీవేనా, ఏజెంటువా, ఊరు విడిచిన అల్లుడివా చూసుకోండి. మాస్టారికి ఒక నెల నష్టమైంది అక్కడే. గడువులోగా జవాబు వేయండి. కాగితాలు చేతికి రాకపోతే గడువు అడగండి గాని మౌనంగా ఉండవద్దు. జరిమానా పడితే అప్పీలుకు ముప్పై రోజులు. 1961 చట్టం స్థానంలో 2025 నాటి కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సెక్షన్ల అంకెలు మారాయి. పాత సంవత్సరాల తగాదాలు పాత చట్టం కిందనే నడుస్తాయి. కాబట్టి నేను పైన రాసిన అంకెలను కళ్లు మూసుకొని దించవద్దు. మీ తాఖీదు ఏ సంవత్సరానిదో చూసి, తెలిసిన ఆడిటరును అడగండి. నాలాంటి గుమాస్తా "కాబోలు" అంటే ఆ మాటను అరుగు మీద వదిలిపెట్టకుండా ఇంటికి తీసుకువెళ్లండి.

మాస్టారి మీద జరిమానా వేయలేదు. వివరణ అంగీకరించామని రెండు పేజీల ఉత్తర్వు వచ్చింది. పన్నూ వడ్డీ ఎలాగూ కట్టారు. కొత్త రేకులు ఇంటి మీదే ఉన్నాయి. ఉత్తర్వు చదివి వినిపిస్తూ ఉంటే మాస్టారు ఆపి, "ఈసారి వాక్యం చివరిదాకా చదువు" అన్నారు.

కిందటి నెల అప్ప వచ్చింది. చేతిలో పక్కింటి అబ్బాయి ఫారం 16 ఉంది. అరుగు మీద కూర్చోకుండానే కాగితం నా బల్ల మీద పెట్టి, "వీడి లెక్క చూసిపెట్టు. తప్పుడుది ఏదైనా ఉంటే ఇప్పుడే చెప్పు" అన్నది. టీ పెట్టమని ఇంట్లోకి కేక వేశాను. కూర్చున్నది.